మా పెళ్లి నిజమేనా అని అడిగినోళ్లకి

మాదిగోళ్ల పెళ్లి నిజమైందేనని రుజువు చూపించమంటే ఏం చూపించాలి? మా అమ్మానాయనల పెళ్లికి ఒక్క ఫొటో లేదు. శుభలేఖ లేదు. మా నాయనమ్మ మెళ్లో కట్టింది పసుపుకొమ్ము. ఆ పెళ్లిళ్లు నిజమైనయ్యి కావని ఇన్నేళ్లలో ఎవడూ అనలా. ఎందుకంటే వాటితో ఎవడికీ పనిబడలా. ఎకరం పొలం లేనోడి పెళ్లి మీద ఏ ఆఫీసుకీ అనుమానం రాదు. మేం పల్లె దాటి, దేశం దాటి కాలు బయటపెట్టాల్సి వచ్చినప్పుడే అందరికీ అనుమానం పుట్టుకొచ్చింది.

మా ఆయనది మా జిల్లానే. 2006లో చదువుకని అమెరికా పోయాడు. ఉద్యోగం చేసి, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసి, తమ్ముణ్ని చదివించి, అప్పులు తీర్చి, ఆ దేశం పౌరుడై, తన పెళ్లి మాట ఎత్తేసరికి నలభై దగ్గరపడ్డయ్యి. నేను సర్కారు బడిలో టీచర్ని. మా మేనత్త సంబంధం చెప్పింది. ఆర్నెల్లు ఫోన్లో మాట్లాడుకున్నాం. 2022 మేలో మా పల్లె బాప్టిస్టు చర్చిలో పెళ్లయింది.

అమెరికా పౌరుడు పెళ్లాన్ని తీసకపోవాలంటే ముందు అక్కడ పిటిషన్ వెయ్యాలి. మేం వేసిన నాటికి దాని ఫీజు 535 డాలర్లు. తర్వాత వీసా ఫీజు 325, పోషణ పూచీ కాగితానికి 120. ఆ పూచీ కాగితం సంగతి చెప్పాలి. ఆ ప్రభుత్వం పేదరికానికి ఒక గీత గీసింది. ఆ గీత మీద ఇంకో పాతిక శాతం ఆదాయం తనకుందని, నన్ను పోషిస్తానని మా ఆయన సంతకం పెట్టి ఇయ్యాలి. మా అమ్మ ఒంగోల్లో పొగాకు గ్రేడింగుకి పోయి నన్ను చదివించింది. పెళ్లికి ముందు పన్నెండేళ్లు నేను జీతం తెచ్చుకున్నా. నన్ను పోషిస్తానని ఒక మొగోడు రాసిస్తే తప్ప నేను మనిషిగా లెక్కలోకి రానా? సరే, చట్టం అంటిరి. రాసిచ్చాడు.

అసలు చట్టం ఇంకోటుంది. దొంగ పెళ్లిళ్లు పట్టుకోడానికి వాళ్లు 1986లో చేసుకున్నది. వీసా కోసమే పెళ్లాడినట్టు తేలితే అయిదేళ్ల జైలు, రెండున్నర లక్షల డాలర్ల జరిమానా దాకా పడొచ్చు. పెళ్లయి రెండేళ్లు నిండకముందే ఆ దేశంలో దిగితే ఇచ్చే కార్డు కూడా రెండేళ్లకే. నిజమని రుజువు చేసుకునే భారం అడిగేవాడిది కాదు, మనది. కాన్సులేట్ కిటికీ దగ్గర కాదన్నారంటే ఆ మాట మీద కోర్టుకి పోయే దారి దాదాపు లేదు. 2024 జూన్‌లో మునోజ్ కేసులో వాళ్ల సుప్రీంకోర్టు తేల్చేసింది: వేరే దేశం మొగుణ్నో పెళ్లాన్నో దేశంలోకి రానిమ్మని అడిగే ప్రాథమిక హక్కు సొంత పౌరుడికి కూడా లేదు. పెళ్లి చేసుకునే హక్కుందంట, కలిసి కాపురం చేసే చోటు మాత్రం వాళ్ల దయంట.

ఇక రుజువులు. విజయవాడలో వీసా కాగితాలు సర్దిపెట్టే ఒకాయన దగ్గరికి నేనూ మా తమ్ముడూ పోయాం. పేరెందుకు, అట్టాంటోళ్లు వీధికొకరున్నారు. ఆయన మా ఆల్బం తిరగేసి ఒక్కో ఫొటో పక్కన పడేస్తా వచ్చాడు. "ఇది తీసెయ్యండమ్మా." అది డప్పు కొట్టే మా బాబాయి. "ఇదీ వద్దు." అది కూర డేగిశా దగ్గర గరిట పట్టుకున్న మా మామ. పెద్దకూరని ఫొటోలో ఎట్టా కనిపెట్టాడో ఆయనకే తెలియాల. "ఇది మరీ వద్దు." రేకుల ఇంటి ముందు, మురుగు కాలవ మీద బల్లలేసి వడ్డించిన బంతి. ఆఖరికి నాలుగు ఫొటోలు మిగిలినయ్యి. "జీలకర్ర బెల్లం ఏది? తలంబ్రాలేవి? అరుంధతిని చూపించేదేది? తెల్లోళ్లకి ఇండియా పెళ్లంటే అయ్యే తెలుసమ్మా. పోనీ ఏదన్నా గుళ్లో గంటసేపు కూర్చుని ఫొటోలు దిగి రండి, నేను మాట్లాడి పెడతా."

అరుంధతి ఎవరి ఆడబిడ్డ? మా ఆడబిడ్డ. మాతంగుల పిల్లని మా పెద్దోళ్లు చెప్తారు. మమ్మల్ని అరుంధతీయులంటారు, మా వాడలకి అరుంధతీ నగర్లని పేర్లు. మిట్టమధ్యాన్నం ఆకాశంలోకి వేలెత్తి, కనపడని ఆ మాదిగ పిల్లకి దణ్ణం పెడితేగాని వాళ్ల పెళ్లి పూర్తిగాదు. కనపడే మాదిగ పిల్ల పందిట్లో అడుగుపెడితే మాత్రం పెళ్లి మైలపడిపోద్ది! చేసుకోని పెళ్లికి గుళ్లో కూర్చుని ఫొటో దిగితే అది నిజమైన పెళ్లికి రుజువంట. చేసుకున్న పెళ్లి ఫొటో చూపిస్తే అది అనుమానమంట. నేను గుడికి పోలా. ఆయన పక్కన పడేసిన ఫొటోలన్నీ ఏరి సంచిలో వేసుకుని ఒంగోలు బస్సెక్కాం.

మిగతా కాగితాల కథ పొడుగు, కొంచెమే చెప్తా. నేను ఇంట్లో పుట్టా. మంత్రసాని మా పెద్దమ్మ. పుట్టినట్టు ఏ పుస్తకంలోనూ రాయలా. కాబట్టి నా పుట్టుక నమోదు కాలేదని ఇంకో సర్టిఫికెట్ తేవాలి. కాగితం లేదని చెప్పే కాగితం! దానికి మూడుసార్లు తిరిగా. టెన్త్ మెమోలో నా పుట్టినరోజు జూన్ 1. మా పల్లెలో నా ఈడోళ్లు చాలామంది జూన్ 1నే పుట్టారు, అంతా హెడ్‌మాస్టరు గారి చేతి చలవ. మా నాయనకి చర్చి పుస్తకంలో బైబిలు పేరు, బడి పుస్తకంలో ఊళ్లో దేవుడి పేరు. ఇద్దరూ ఒకడేనని నోటరీ దగ్గర అఫిడవిట్.

ఈ రెండు పేర్లు సోకుకి పెట్టుకున్నయ్యి గాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానోడు షెడ్యూల్డు కులం వాడు కాడు. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని కలపలా. చర్చికి పోయినందుకు మాదిగోడికి హోటల్లో గ్లాసు మారిందా? ఊరి శ్మశానంలో చోటు దొరికిందా? కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో నరికినోళ్లు, నువ్వే మతమని అడిగి నరికారా? గొడ్డలికి తెలిసిన కులం కాగితానికి తెలియదు. అందుకే మా పల్లెల్లో ఒక మనిషికి రెండు పేర్లు. నా సర్టిఫికెట్లో హిందూ మాదిగ. మా ఇంట్లో గోడమీద యేసు, పక్కన అంబేద్కర్. నాకు రెండూ నిజమే.

ఇప్పుడు చూడండి నా పరిస్థితి. చర్చి మెట్ల మీద దిగిన పెళ్లి ఫొటో అమెరికావాడి ముందు పెట్టాల్సిన సాక్ష్యం. అదే ఫొటో ఇక్కడ ఎవడన్నా తహసీల్దారు ముందు పెడితే నా ఉద్యోగానికి ఉరితాడు. ఒక దేశానికి చూపించాల్సిందాన్ని ఇంకో దేశానికి కనపడకుండా దాచాలి. ఈ కష్టం రెడ్లకుందా, కమ్మోళ్లకుందా, బాపనోళ్లకుందా? అందుకే మా పెళ్లిని హిందూ చట్టం కిందా కాదు, క్రైస్తవ చట్టం కిందా కాదు, 1954 స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద రిజిస్టర్ చేయించాం. ముప్ఫై రోజులు మా పేర్లు నోటీసు బోర్డు మీద వేలాడినయ్యి. "స్పెషల్ అంటే లేచిపోయినట్టుంటదమ్మా" అన్నాడు విజయవాడాయన.

నేను ముంబయి పోయొచ్చిన ఏడాదే, 2024 నవంబర్లో, పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది: నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమేనని. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసుని, క్రైస్తవుడికి ఆ చట్టం వర్తించదని కొట్టేసింది. నేను రాజీనామా ఇచ్చేశాను కాబట్టి ఇంత బాహాటంగా రాస్తన్నా. ఇవ్వని అక్కచెల్లెళ్లు ఈ ముక్క తలుపేసుకుని చదువుకుంటారు.

మోసం, నిజం, నమ్మకం, కూటికోసం. ఈ మాటలు మా మీద ఇయ్యాల కొత్తగా పడలా. అమెరికావాళ్లకీ మాదిగలకీ చుట్టరికం పాతదే. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. తవ్వింది మావాళ్లు. ప్రాణాలు నిలబెట్టాడు, ఆ మేలు మేం మర్చిపోలా. అయితే ఆ కరువు రోజుల్లో ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. ఎందుకు? వీళ్లు దేవుడి కోసం వస్తన్నారా, కూడు కోసం వస్తన్నారా అని. పని ఆగిపోయినాక కూడా జనం వస్తానే ఉంటే అప్పుడు 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి ముంచారు. ముంచింది కూడా ఆయన కాదు, ఆరుగురు దేశీ బోధకులు. అంతకు ముందే మాదిగల్లో మొదట నమ్మినవాడు, ఊరూరా తిరిగి చెప్పినవాడు ఎర్రగుంట్ల పేరయ్య.

ఆకలితో ఉన్నోడి నమ్మకం నమ్మదగింది కాదా? కూడూ దేవుడూ రెండూ కావాలనుకోవడం తప్పా? బాపనోడు దక్షిణ తీసుకుని మంత్రం చదివితే అది భక్తి. మాదిగోడు గంజి తాగి ప్రార్థన చేస్తే అది బియ్యం మతం. నూటనలభై ఏళ్లు దాటినా మమ్మల్ని అడిగే ప్రశ్న మారలా. అప్పుడు నమ్మకం దేవుడి కోసమా గంజి కోసమా. తహసీల్దారు దగ్గర కులం నిజమా రిజర్వేషన్ కోసమా. కాన్సులేట్లో పెళ్లి మొగుడి కోసమా వీసా కోసమా.

విజయవాడలో కోణార్క్ ఎక్కి దాదర్లో దిగా. వేలిముద్రలు, ఛాతీ ఎక్స్‌రే, టీకాలు, అయ్యన్నీ అయినయ్యి. ఇంటర్వ్యూ ముందురోజు సాయంత్రం చైత్యభూమికి పోయి కూర్చున్నా. బాబాసాహెబ్ 1913లో ఈ ఊరినుంచే న్యూయార్కు పోయాడు. రమాబాయి ఇక్కడే పరేల్ చాల్‌లో ఉండిపోయింది. పేదరికంలో బిడ్డల్ని ఒకర్నొకర్ని పోగొట్టుకుంది. 1935 మే 27న చనిపోయింది. ఆమె కాపురం నిజమని ఆమెనెవరూ రుజువడగలా. ఆ సముద్రం గాలికి కూర్చుని నేను ఆయన గురించి గాదు, ఆమె గురించే అనుకున్నా.

తెల్లారి బాంద్రా కుర్లా కాంప్లెక్సులో కాన్సులేట్ బయట బారు. ఫోను తీసుకుపోకూడదు, సంచి తీసుకుపోకూడదు. బయట చుట్టాలు కాపలా. ఒక పెద్దావిడ నా చేతిలో తెలుగు కాగితం చూసి దగ్గరికొచ్చింది. వాళ్లమ్మాయికి ఇంటర్వ్యూ. ఆ పిల్ల చేతిలో మోయలేనంత ఆల్బం. "తెలుగోళ్లా అమ్మా? ఏ ఊరు?" ఒంగోలు పక్కనన్నా. "మాది తెనాలి దగ్గర. అల్లుడికి గ్రీన్ కార్డు. అందుకే మూడెకరాలూ కారూ ఇచ్చాం. లేకపోతే అంత ఇచ్చేవాళ్లం కాదు." మాటలో మాటగా ఇంటిపేరడిగింది. చెప్పా. మా ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉంది, దాంతో ఆవిడకి తేలలా. "మీరేవిట్లు?"

"మాదిగోళ్లమండీ."

"అట్నా. ఈ రోజుల్లో అయ్యన్నీ ఎవరు చూస్తన్నార్లే" అని, చేతిసంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, కూతురి పక్కకి పోయి నిలబడింది. చూడకపోతే అడిగిందెందుకు?

ఆ వీసా ఫారం డి.ఎస్.-260లో ఒక ప్రశ్నుంది: మీరు ఏదన్నా వంశానికో తెగకో చెందినవాళ్లా అని. కులం అన్న మాట లేదు. కాదని నొక్కా. ఫారం అడగని ప్రశ్న గేటు బయట తెలుగులో అడిగేశారు. ఇది ఆ దేశానికి తెలియని సంగతీ గాదు. 1923లో భగత్ సింగ్ తింద్ వాళ్ల సుప్రీంకోర్టులో పౌరసత్వం కోసం ఏమని వాదించుకున్నాడు? నేను పై కులం ఆర్యుణ్ని, మీరు నల్లోళ్లని చూసినట్టే మేం మా కిందోళ్లని చూస్తాం, కాబట్టి నేనూ తెల్లోణ్నేనని. ఓడిపోయాడనుకోండి. కానీ ఆ గడపలో మనవాళ్లు మొదట చూపించుకున్న గుర్తింపు కార్డుల్లో కులం ఒకటి.

లోపల చెయ్యెత్తి ప్రమాణం చేయించారు. అద్దం అవతల చిన్నపిల్లే, మర్యాదగా మాట్లాడింది. ఆమె మీద నాకే ఫిర్యాదూ లేదు. పెళ్లి ఎక్కడయింది, ఆయనేం పని చేస్తాడు, ఎంతమంది తోబుట్టువులు. ప్రేమ పెళ్లా, పెద్దలు కుదిర్చిందా? దీనికి నాకు జవాబు తట్టలా. మేనత్త చెప్పింది, మేం మాట్లాడుకున్నాం, ఇద్దరికీ నచ్చింది. ఇది ఆ రెంటిలో ఏది? పెళ్లికి ఎంతమంది వచ్చారు? పల్లంతా అన్నా. అంకె కావాలంది. మాదిగపల్లెలో పెళ్లికి అంకె ఎవరు రాస్తారు? పిలిచినోళ్లూ పిలవనోళ్లూ అందరూ తిన్నారు, మూడొందల మంది అనుకోండి అన్నా. ఫొటోలడిగింది. విజయవాడాయన తీసేసిన వాటితో సహా అన్నీ జారవిడిచా. బాబాయి ఫొటో దగ్గర ఆగి ఎవరని అడిగింది. మా నాయన తమ్ముడు, డప్పు కొడతాడు అన్నా. డ్రమ్మా అంది. కాదండీ, డప్పు, అన్నా. రాసుకుందో లేదో తెలియదు. పాస్‌పోర్టు ఉంచుకుని, వీసా వస్తది పొమ్మంది.

తెనాలి పిల్లకీ వచ్చింది. రావాల్సిందే, ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. హాల్లో నా పక్కనే కూర్చుని, మొగుడి కంపెనీ పేరు, జీతం, ఆడబిడ్డ పేరు కాగితం మీద రాసుకుని పరీక్షకి చదివినట్టు చదివింది. పెళ్లయినాక పన్నెండు రోజులే కలిసి ఉన్నారంట. నా కోపం వేరే. వీసా కోసం పెళ్లి చేసుకోవడం దొంగతనమైతే, గ్రీన్ కార్డు చూసి మూడెకరాలు రాసివ్వడం ఏంది? 1961 నుంచి ఈ దేశంలో కట్నం నేరం. హెచ్1కి ఒక రేటు, గ్రీన్ కార్డుకి ఒక రేటు, పౌరుడికి ఇంకో రేటు, కులం తప్పితే రేటే లేదు. ఇట్టా కుదిరిన పెళ్లికి మోయలేనంత ఆల్బం, రెండువైపులా పెద్దలు, ఉమ్మడి ఆస్తి కాగితాలు, అన్నీ ఉంటయ్యి. మా దగ్గర ఉండేది మనుషులు. మనుషుల్ని ఆ కిటికీలోంచి జారవిడవలేం కదా.

ఈ లెక్క ఎప్పుడో కట్టిచ్చినాయన అంబేద్కర్. 1916 మే 9న, అదీ న్యూయార్కులోనే, కొలంబియాలో చదివిన వ్యాసంలో, కులానికి ప్రాణం ఎక్కడుందో చూపించాడు: కులంలోనే పెళ్లి చేసుకోవడంలో. పెళ్లి మీద నడిచే వీసా దేన్ని మోసుకుపోద్ది మరి? సూట్‌కేసులో పచ్చళ్లు, కస్టమ్స్‌లో చెప్పని కులం. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీద కులవివక్ష కేసు వేసిందన్నా, 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కులవివక్షని నిషేధించిందన్నా ఊరికేనా? అదే ఏడాది అక్టోబర్లో కాలిఫోర్నియా గవర్నర్ అట్టాంటి బిల్లునే సంతకం పెట్టకుండా తిప్పికొట్టాడు, ఉన్న చట్టాలు చాలన్నాడు. మా ఆయన్ని అక్కడ తెలుగోళ్ల విందులో మొదటి ఏడే ఇంటిపేరడిగారంట. రెండో ఏడు పిలవలేదంట.

నాకిచ్చింది రెండేళ్ల కార్డు. గడువు తీరడానికి ముందు 90 రోజుల్లో ఐ-751 అనే ఫారం వెయ్యాలి, ఇద్దరం కలిసి సంతకం పెట్టాలి, కాపురం నిజమేనని మళ్లీ రుజువులు జతచెయ్యాలి. ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇంటి అద్దె కాగితం, కరెంటు బిల్లు మీద ఇద్దరి పేర్లు. ఇప్పుడు ఆ పని మీదే ఉన్నా. ఫొటోలు కూడా పెట్టొచ్చంట. మొన్న మా తమ్ముడికి ఫోన్ చేసి, బాబాయి డప్పు కాస్తా ఉన్న ఫొటో ఇంకోటి ఉండాలి, పెద్దదిగా తీయించి పంపరా అన్నా. మంట వెలుగులో మొహం సరిగ్గా రాలేదక్కా అన్నాడు. అదే పంపమన్నా.